ఒకే హాలు, నాలుగు నాటకాలు: విద్యార్థి, ప్రయోగ నాటకాల సీజన్ నడిపే పద్ధతి

ఒక నాటకం వేయడానికి ఉత్సాహం చాలు. ఆఖరి వారం నిద్ర మానుకునైనా గట్టెక్కించేయవచ్చు. అదే హాల్లో, అదే నలభై మంది విద్యార్థులతో పద్నాలుగు వారాల్లో నాలుగు నాటకాలు వేయాలంటే మాత్రం ఆ పద్ధతి రెండో నాటకానికే చేతులెత్తేస్తుంది. సీజన్లు చెడిపోయేది ఎక్కువగా నటన బాగోక కాదు. పాత సెట్ విప్పి కొత్తది ఎక్కించే ఆ రెండు మూడు రోజుల్లోనే చెడిపోతాయి. లైట్లు ఫోకస్ చేయడానికి టైం చాలదు, టెక్నికల్ రిహార్సల్ (లైట్లు, సౌండ్, సీన్ మార్పులు సరిచూసుకునే రిహార్సల్) సగంలో ఆగిపోతుంది, నటులు పూర్తి వెలుతురులో మొదటిసారి నిలబడేది ప్రేక్షకుల ముందే అవుతుంది. అందుకే నాటకాల ఎంపిక నుంచి కుర్చీల అమరిక దాకా ప్రతి నిర్ణయానికీ ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: మార్పిడి రోజున దీనికి ఎన్ని గంటలు పడుతుంది?

క్యాలెండర్

ముందు ప్రదర్శనలు ఉండకూడని తేదీలు రాయండి. పరీక్షలు, వాటికి ముందు మూడు వారాలు, ప్రాజెక్టులు ఇవ్వాల్సిన వారం, హాలు వేరేవాళ్లకు ఇచ్చిన రోజులు. మిగిలిన దాంట్లో ఆఖరి నాటకం ఆఖరి ఆట ఎప్పుడో తేల్చుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. పద్నాలుగు వారాలు చేతిలో ఉంటే 6, 8, 11, 14 వారాల్లో ప్రదర్శనలు పెట్టుకోవచ్చు. మధ్యలో వచ్చే వారాలను ఖాళీ అనుకోకండి. జ్వరాలు, హాలు రద్దవడం, వాయిదాలు అన్నీ వాటిలోనే సర్దుకోవాలి.

వరస కూడా ముఖ్యమే. పెద్ద సెట్ ఉన్న నాటకాన్ని మొదట పెట్టండి, ఎందుకంటే సీజన్ మొదలయ్యే ముందు మాత్రమే చెక్కపనికి తీరిక దొరుకుతుంది. స్క్రిప్ట్ లేకుండా రిహార్సల్లోనే అల్లుకునే నాటకాన్ని మూడోదిగా పెట్టండి. దానికి అందరికంటే ఎక్కువ వారాలు కావాలి, అలాగని చివర్న పెడితే అప్పటికి అందరూ అలిసిపోయి, పరీక్షల భయంలో ఉంటారు. చివరి వారానికి తక్కువ మంది నటులతో, దాదాపు సెట్ లేని రెండు నాటికలు సరిపోతాయి. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. 'గ్రాండ్ ఫినాలే' అని భారీ నాటకాన్ని చివరికి నెడతారు, ఆ సరికి చేతిలో మేకులూ ఉండవు, మనుషులూ ఉండరు.

నాటకాలు ఎంచుకోవడం

ప్రతి స్క్రిప్టునీ స్టాప్‌వాచ్ పెట్టుకుని, నటించకుండా, మామూలు వేగంతో పైకి చదవండి. సంభాషణలు నిండిన ఏ4 పేజీ ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు నడుస్తుంది. కదలికలు, మౌనాలు, సీన్ మార్పులు కలిశాక చదివిన సమయానికి పావు వంతు కలుపుకోండి. గంటలో అయిపోతుందని ప్రకటించిన నాటకం గంటంబావు నడవడానికి ఈ లెక్క వేయకపోవడమే కారణం.

నాలుగింటిలో టెక్నికల్‌గా బరువైనది ఒకటే ఉండాలి. అల్లుకునే నాటకమూ ఒకటే. ఈ రెండూ ఒకటే కాకూడదు. వీడియో ప్రొజెక్షన్, యాభై సౌండ్ క్యూలు (ఫలానా క్షణాన శబ్దం రావాలనే సంకేతాలు), కదిలే సెట్ అన్నీ కావాలనే దర్శకుడు పూర్తయిన స్క్రిప్ట్ చూపించాలి. స్క్రిప్ట్ లేని దర్శకుడు ఉన్న లైట్లతో సర్దుకోవాలి.

హక్కుల సంగతి ప్రకటనకు ముందే తేల్చుకోండి. అనుమతి కాగితం మీదో ఈమెయిల్‌లోనో ఉండాలి. ఫోన్లో 'వేసుకోండి బాబూ' అన్న మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు. అనువాద నాటకానికి మూల రచయిత హక్కు వేరు, అనువాదకుడి హక్కు వేరు, రెండూ అడగాలి. రచయిత చనిపోయినంత మాత్రాన హక్కు పోదు. కాపీరైట్ మీద దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం కనీసం మరణానంతరం 50 ఏళ్లు ఉంటుంది, చాలా దేశాల్లో అది 60 లేదా 70. సీన్లు కత్తిరించడం, పాత్రల్ని ఆడ నుంచి మగకు మార్చడం, రెండు నాటికలు కలిపేయడం కూడా అనుమతిలో రాయించుకోవాలి, ప్రయోగ నాటకాల్లో గొడవలు వచ్చేది ఎక్కువగా ఇక్కడే. పాట వాడితే బాణీకి ఒక హక్కు, ఆ రికార్డింగుకి ఇంకో హక్కు.

మనుషుల పంపకం

ఒక విద్యార్థి వరసగా రెండు నాటకాల్లో నటించకూడదు. ఈ ఒక్క నియమం కచ్చితంగా పాటిస్తే సగం తలనొప్పులు తగ్గుతాయి. ఒకదాంట్లో నటించినవాళ్లు తర్వాతదాంట్లో తెర వెనక పని చేస్తారు. లైటింగ్ బోర్డు దగ్గర ఒకరు, సౌండుకు ఒకరు, ప్రాపర్టీస్‌కు (నాటకంలో వాడే వస్తువులకు) ఒకరు, కాస్ట్యూమ్స్‌కు ఒకరు, సెట్ మార్పిడికి నలుగురు, స్టేజ్ మేనేజర్, అసిస్టెంట్: ఒక్కో నాటకానికి పదిమంది. నటులు ఎనిమిది మంది అనుకుంటే పద్దెనిమిది. నలభై మందిలో వంతులవారీగా ఇది సరిపోతుంది.

అన్ని నాటకాల ఆడిషన్లూ ఒకే రెండు రోజుల్లో, దర్శకులందరూ కూర్చుని పెట్టండి. విడివిడిగా పెడితే మంచి నటుల్ని మొదటి దర్శకుడు ఎత్తుకుపోతాడు. ఆడిషన్ ఫారంలో 'ఏ సాయంత్రాలు రాలేరు' అనే గడి తప్పనిసరి. 'ఎప్పుడైనా వస్తాను' అని రాసినవాళ్లను ఇంకోసారి అడగండి.

మూడో వారం తర్వాత ఎవరో ఒకరు మానేస్తారు. ప్రతి పాత్రకీ అండర్‌స్టడీని (అవసరమైతే బదులు వేసే నటుణ్ణి) పెట్టే స్తోమత విద్యార్థి బృందానికి ఉండదు కాబట్టి, చిన్న పాత్రలు వేసే ఇద్దరికి రెండేసి పెద్ద పాత్రల బ్లాకింగ్ (వేదిక మీద ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు కదలాలి అనేది) నేర్పించి ఉంచండి. వాళ్ల చిన్న పాత్రలోకి ఎవర్నైనా రెండు రోజుల్లో తేవచ్చు.

రిహార్సల్ గంటలు

వేదిక మీద ఒక నిమిషానికి రిహార్సల్ గది ఒక గంట. స్క్రిప్ట్ ఉన్న నాటకానికి ఈ కొలత పనికొస్తుంది. 75 నిమిషాల నాటకానికి వారానికి నాలుగు సాయంత్రాలు, మూడేసి గంటలు, ఆరు వారాలు: 72 గంటలు. మొదటి వారం రీడింగ్, రెండు మూడు వారాలు బ్లాకింగ్. మూడో వారం ఆఖరికి పోర్షన్ (ఎవరి సంభాషణలు వాళ్లకు) కంఠతా రావాలి. నాలుగో వారం నుంచి చేతిలో స్క్రిప్ట్ ఉండకూడదు, కావాలంటే పక్కనుంచి ప్రాంప్టింగ్ అందించండి. అయిదో వారంలో మొదటి రన్-త్రూ, అంటే మొదటి నుంచి చివరి దాకా, చెత్తగా వచ్చినా సరే, ఆపకుండా.

అల్లుకునే నాటకానికి దీనికి రెట్టింపు పడుతుంది. సగం గంటలు పదార్థం పుట్టించడానికి, సగం అతికించడానికి. ప్రతి ఇంప్రొవైజేషన్నీ ఫోన్లో రికార్డు చేసి, అదే రాత్రి ఎవరో ఒకరు అర పేజీ రాయాలి. ఏం జరిగింది, ఎవరు ఏమన్నారు, ఎంతసేపు. రాయకపోతే 'మొన్న బాగా వచ్చిందే, అది' అని అందరూ వెతుక్కుంటూ మూడు రిహార్సల్స్ పోగొడతారు. ఇక ముఖ్యమైనది, ప్రారంభానికి పద్నాలుగు రోజుల ముందు తలుపు మూసేయాలి. ఆ తర్వాత తీసేయవచ్చు, కుదించవచ్చు, కొత్త సీను కలపకూడదు. లైటింగ్ వాళ్లకు క్యూలు రాసుకోవడానికి నిలకడగా ఉండే నాటకం కావాలి, రోజుకో రకంగా మారేది కాదు. ఈ గీత దగ్గర దర్శకులు అలుగుతారు, అలగనివ్వండి.

రిహార్సల్ గదిలో నేల మీద సెట్ ప్లాన్‌ని అసలు కొలతల్లో టేపుతో గీయండి. ఒక్కో నాటకానికి ఒక్కో రంగు టేపు. ఒక మూల నుంచి కాకుండా మధ్య గీత నుంచి రెండు వైపులా కొలవండి, లేకపోతే గది గోడ వంకర మొత్తం ప్లాన్‌లోకి వస్తుంది. గీత గీయని చోట నటులు లేని తలుపులోంచి వస్తారు, గోడలోంచి నడుస్తారు. అసలు సెట్ మీదికి వెళ్లాక ప్రతి ఎంట్రీ రెండు అడుగులు తేడా వస్తుంది.

సీజన్ మొత్తానికి ఒకే లైటింగ్

నలుగురు దర్శకులు నాలుగు లైటింగ్ ప్లాన్లు తెస్తే మార్పిడికి వారం పడుతుంది. అందుకని సీజన్ మొదట్లోనే ఒక స్థిరమైన ప్లాన్ కట్టి, దాన్ని ఎవరూ కదపకూడదని ఒప్పందం చేసుకోండి.

ఆడే చోటు 24 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతు అనుకుందాం. అడ్డంగా మూడు, లోతుగా రెండు భాగాలు చేస్తే ఎనిమిదేసి అడుగుల ఆరు ఏరియాలు. ప్రతి ఏరియాకి ముందు వైపు నుంచి రెండు లైట్లు, ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి, పక్కలకు 45 డిగ్రీలు, ఎత్తులోనూ సుమారు 45. ఒక వైపు కొంచెం వెచ్చని రంగు, రెండో వైపు కొంచెం చల్లని రంగు. అమెరికా లైటింగ్ నిపుణుడు స్టాన్లీ మెక్‌కాండ్లెస్ 1932లో అచ్చులో పెట్టిన ఈ పద్ధతిలో ముఖం చదునుగా కనిపించదు, ముక్కు, కళ్లు విడిగా తెలుస్తాయి. అంటే ముందు నుంచి పన్నెండు. వెనక నుంచి భుజాల మీద పడేలా నాలుగు. ఇవి లేకపోతే నల్ల తెర ముందు నల్ల బట్టలు వేసుకున్న నటుడు తెరలో కలిసిపోతాడు, ప్రయోగ నాటకాల్లో అందరూ నల్ల బట్టలే వేస్తారు కూడా. ఇంకో నాలుగు స్పెషల్స్. ప్రతి నాటకమూ తిప్పుకోవడానికి, రంగు మార్చుకోవడానికి హక్కు ఉన్నవి ఈ నాలుగే. వాటి కొక్కేనికి ఎర్ర టేపు చుట్టండి. టేపు లేని లైటు మీద చెయ్యి వేస్తే అది నలుగురి నాటకాన్నీ కదిపినట్టే.

మొత్తం ఇరవై. అన్ని లేకపోతే, పన్నెండే ఉంటే, ఏరియాకి ముందు నుంచి ఒక్కోటి, వెనక మూడు, స్పెషల్స్ మూడు.

ఫోకస్ చేశాక ఒకర్ని వేదిక మీద ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపించండి. వాళ్లు నడుస్తూ అరచేతిని ముఖం పక్కన, కళ్ల ఎత్తులో పట్టుకోవాలి. చేతి మీద వెలుతురు ఎక్కడ తగ్గుతుందో అక్కడ రెండు ఏరియాల అంచులు కలవలేదన్నమాట. నేల మీద వెలుతురు వలయాలు కలిసినట్టు కనిపించినా అయిదున్నర అడుగుల ఎత్తున కలవకపోవచ్చు, ముఖం ఉండేది అక్కడే. కొత్తవాళ్లు నేలను చూసి ఫోకస్ చేస్తారు, అందుకే వాళ్ల నాటకాల్లో నటులు నడుస్తుంటే ముఖాలు చీకటిలోకి పోయి వస్తుంటాయి. ఎనిమిది అడుగుల ఏరియాకి వెలుతురు పది అడుగులు పడేలా తెరిస్తే ఇది పోతుంది.

కరెంటు లెక్క కాగితం మీద వేయండి. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల హాలోజన్ లైటు దాదాపు 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది, 120 వోల్టులున్న చోట అదే లైటు దాదాపు రెట్టింపు. గంటల తరబడి వెలిగే లోడుకు లైను సామర్థ్యంలో 80 శాతమే వాడాలి. కాబట్టి 15 ఆంపియర్ల లైను మీద 12 ఆంపియర్లు, అంటే 230 వోల్టుల దగ్గర అలాంటి లైట్లు రెండే. మూడు పెట్టినా వెంటనే పోదు, ఆఖరి సీన్లో అన్నీ ఫుల్లుగా వెలిగినప్పుడు పోవచ్చు. సౌండ్ సిస్టంని డిమ్మర్లున్న లైనుకు తగిలించకండి, లైటు మసకబారినప్పుడల్లా స్పీకర్లో గుర్రుమనే శబ్దం వస్తుంది. మెయిన్ బోర్డు జోలికి అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ తప్ప ఎవరూ వెళ్లకూడదు.

ఎల్‌ఈడీ లైట్లు ఉంటే కరెంటు బాధ తగ్గుతుంది, చానళ్ల బాధ మొదలవుతుంది. ఒక డీఎంఎక్స్ లైనులో (లైటింగ్ బోర్డు నుంచి లైట్లకు ఆదేశాలు మోసే డిజిటల్ లైను) 512 చానళ్లు, ఒక్కో ఎల్‌ఈడీ లైటు ఏడెనిమిది చానళ్లు తినేస్తుంది. ప్రతి లైటు అడ్రసునీ రాసి బోర్డు పక్కన అతికించండి. ఒకే గొలుసులో 32కి మించి లైట్లు కలపకండి, చివరి లైటులో 120 ఓమ్‌ల టెర్మినేటర్ (లైను చివర్న పెట్టే ప్లగ్గు) పెట్టండి. ఇది లేకపోతే లైట్లు వాటంతటవే రెపరెపలాడతాయి, ఎవరో తప్పు బటన్ నొక్కారని ఆపరేటర్ని తిడతారు. డీఎంఎక్స్ కేబుల్ బదులు మైకు కేబుల్ వాడకండి, దాని పిన్నులు ఒక్కోసారి సరిపోతాయి, సిగ్నల్ మాత్రం సరిగ్గా పోదు.

ఇంకొన్ని. హాలోజన్ బల్బు గాజును వేళ్లతో ముట్టకండి, చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి పగులుతుంది. ముదురు నీలం జిలేటిన్ (లైటు ముందు పెట్టే రంగు షీటు) త్వరగా కాలిపోతుంది, ప్రతి నాటకానికీ కొత్త ముక్క ఉంచుకోండి. ప్రతి లైటుకీ కొక్కెంతో పాటు సేఫ్టీ చైన్ ఉండాలి. నిచ్చెన ఎక్కినవాళ్ల జేబుల్లో ఏమీ ఉండకూడదు, పానాను తాడుతో నడుముకు కట్టుకోవాలి.

సెట్: దాచుకునేది, వాడి పారేసేది

నాలుగు నాటకాలకూ పనికొచ్చే సామాను మొదట్లోనే చేయించి పెట్టుకోండి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో 18 అంగుళాల ఘనాకారపు పెట్టెలు ఎనిమిది, ఒక వైపు తెరిచి ఉంచి, పక్కన చెయ్యి పట్టేలా రంధ్రం పెట్టండి. అవే కుర్చీ, బల్ల, మెట్టు, మంచం అవుతాయి. ప్లాట్‌ఫాంలు 4×8 అడుగులవి కాకుండా 4×4వి చేయించండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, చెక్క ఫ్రేము కలిస్తే పెద్దది ఇద్దరు మోయడం కష్టం, మలుపు దగ్గర తిరగదు కూడా. కాళ్లు నట్టు బోల్టులతో బిగించాలి, మేకులతో కాదు. ఫ్రేముకీ ప్లైవుడ్‌కీ మధ్య పాత కార్పెట్ ముక్కలు పెడితే నడిచినప్పుడు కిర్రుమనదు. ఇవి కాక 4×8 ఫ్లాట్లు (గోడల్లా నిలబెట్టే పలకలు) ఆరు, ఒక్కోదానికి వెనక ఊత, ఆ ఊత మీద బరువు. ఊతకు బరువు లేని ఫ్లాట్ తలుపు గట్టిగా వేస్తే నటుడి మీదికి వస్తుంది.

అన్నింటికీ మెరుపు లేని నల్ల రంగే వేయండి. మెరిసే ఎనామెల్ వేస్తే ప్రతి లైటూ దాంట్లో ప్రతిబింబిస్తుంది.

ఈ సామానుకి ఏ దర్శకుడైనా మరో రంగు వేయాలంటే దాని మీద గుడ్డ తొడిగి ఆ గుడ్డకు వేసుకోవాలి.

కుర్చీల అమరిక

ప్రయోగ నాటకం అనగానే ప్రేక్షకుల్ని చుట్టూ కూర్చోబెట్టాలనిపిస్తుంది. తప్పు లేదు, కానీ అమరిక మార్చడానికి అయిదారు గంటలు పడుతుంది, పైన చెప్పిన లైటింగ్ ప్లాన్ ఒక వైపు నుంచి చూసేవాళ్లకే పనికొస్తుంది. కాబట్టి ఒకే అమరిక ఉన్న నాటకాలను పక్కపక్కన పెట్టండి. సీజన్లో ఒకటే నాటకం అమరిక మార్చుకోవాలి, దాని ముందు ఖాళీ వారం ఉండాలి. మన క్యాలెండర్లో అది 11వ వారం నాటకం.

రెండు వైపులా ప్రేక్షకులు ఎదురెదురుగా కూర్చుంటే ఒక వైపు లైట్లు రెండో వైపు వాళ్ల కళ్లలో కొడతాయి. చుట్టూ కూర్చున్నా అంతే. అక్కడ కోణాన్ని 45 నుంచి 60 డిగ్రీలకు నిలువు చేయాలి, కళ్ల కింద నీడలు కొంచెం పెరుగుతాయి, ఒప్పుకోవాలి.

నటులు నేల మీద కూర్చునే, పడుకునే సీన్లు విద్యార్థి నాటకాల్లో లెక్కలేనన్ని. కుర్చీలన్నీ ఒకే మట్టంలో ఉంటే మూడో వరసకు అవేవీ కనిపించవు. ఒక్కో వరస ముందుదానికంటే కనీసం 8 అంగుళాలు ఎత్తులో ఉండాలి, ప్లాట్‌ఫాంలు లేకపోతే కుర్చీల్ని వరస మార్చి వరస సగం జరపండి. బ్లాకింగ్ రోజుల్లోనే దర్శకుడు ఒకసారి మూడో వరసలో, చివరి కుర్చీలో కూర్చుని చూడాలి.

నడిచే దారి 4 అడుగులు వదలండి, దాంట్లో ఎవర్నీ కూర్చోబెట్టకండి. హాలు నిండిపోయిన రోజున స్నేహితుల్ని నేల మీద కూర్చోబెట్టాలనే ఒత్తిడి వస్తుంది. తలుపు దగ్గర నిలబడేవాళ్లకు 'లేదు' అనే అధికారం ముందే ఇవ్వాలి.

స్టేజ్ మేనేజర్ పుస్తకం

ప్రదర్శన మొదలయ్యాక దర్శకుడి పని అయిపోయినట్టే. హాలు మొత్తం స్టేజ్ మేనేజర్ మాట మీద నడుస్తుంది. వాళ్ల దగ్గర ఒక ఫైలు ఉంటుంది. ఎడమ పేజీలో బ్లాకింగ్, కుడి పేజీలో స్క్రిప్ట్, స్క్రిప్ట్ పక్క మార్జిన్లో క్యూలు. పెన్సిల్‌తోనే రాయాలి, టెక్నికల్ రిహార్సల్లో సగం మారతాయి.

లైట్ క్యూలకు 5, 10, 15 అని అయిదేసి వదిలి నంబర్లు ఇవ్వండి, మధ్యలో కొత్తది వస్తే 12 అని దూర్చవచ్చు. సౌండ్ క్యూలకు 101 నుంచి మొదలుపెట్టండి. అక్షరాలు ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది, కానీ హెడ్‌సెట్లో బీ, డీ, పీ, టీ ఒకేలా వినిపిస్తాయి. క్యూ దేని మీద పడాలో స్పష్టంగా ఉండాలి. 'రాధ బాధపడ్డాక' అని రాస్తే ఎవరికీ అర్థం కాదు, 'రాధ గ్లాసు బల్ల మీద పెట్టగానే' అని రాయాలి.

పిలిచే తీరు ఇలా ఉంటుంది:

'లైట్ 35, సౌండ్ 107, స్టాండ్‌బై.'
'లైట్ స్టాండింగ్ బై.' 'సౌండ్ స్టాండింగ్ బై.'
(గ్లాసు బల్లకు తగులుతుంది)
'లైట్ 35, సౌండ్ 107... గో.'

స్టాండ్‌బై అర పేజీ ముందు చెప్పాలి. 'గో' ఎప్పుడూ ఆఖరి మాట. 'గో లైట్ 35' అంటే మాట పూర్తయ్యేలోపే ఎవరో ఒకరు నొక్కేస్తారు. ఆ మాటను హెడ్‌సెట్లో మరి దేనికీ వాడకూడదు, 'టీకి వెళ్దామా' అనాలి తప్ప 'గో' అనకూడదు. క్యూ తప్పితే తర్వాతి క్యూతో సర్దుకోవాలి, వెనక్కి వెళ్లి సరిచేయకూడదు. వెనక్కి వెళ్లినప్పుడే ప్రేక్షకులకు తెలుస్తుంది.

ఆటకు అరగంట, పావుగంట, అయిదు నిమిషాల ముందు గ్రీన్ రూంకి వెళ్లి చెప్పాలి, నటులు గట్టిగా బదులివ్వాలి. బదులు రాకపోతే వినలేదనే లెక్క.

సౌండ్ నడిపే ల్యాప్‌టాప్‌లో నోటిఫికేషన్లు, స్క్రీన్ సేవర్, స్లీప్ అన్నీ ఆపేయండి, ఇంటర్నెట్ తీసేయండి. ఫైళ్లన్నీ ఆ మెషీన్లోనే ఉండాలి. ప్రతి ఫైలు మొదట్లో ఉన్న నిశ్శబ్దాన్ని కత్తిరించండి. అర సెకను ఖాళీ ఉంటే ఫోను మోగే లోపే నటుడు ఎత్తేస్తాడు. కాపీ ఇంకో పరికరంలో సిద్ధంగా ఉండాలి.

మార్పిడి రోజులు

ఆదివారం ఆఖరి ఆట అయ్యాక రెండు గంటల్లో సెట్ విప్పాలి. నటులు కూడా ఉండాలి, మేకప్ తుడుచుకుని వెళ్లిపోవడం కుదరదు. ముందు ప్రాపర్టీస్ పెట్టెల్లోకి, తర్వాత కాస్ట్యూమ్స్, తర్వాత ఫ్లాట్లు, చివర్న ప్లాట్‌ఫాంలు. నేల ఊడ్చి, పాత టేపు మొత్తం పీకేయాలి. ఒక్క ముక్క మిగిలినా తర్వాతి నటుడు దాన్ని తన మార్కు అనుకుంటాడు.

సోమవారం: నాలుగు గంటలు కొత్త సెట్, రెండు గంటలు స్పెషల్స్ ఫోకస్, మూడు గంటలు దర్శకుడితో కూర్చుని ప్రతి లైట్ క్యూ లెవెల్స్ సేవ్ చేయడం. ఆ మూడు గంటలూ వేదిక మీద ఒక మనిషి నిలబడి ఉండాలి. ఖాళీ వేదిక మీద బాగున్న వెలుతురులో ముఖం కనిపించకపోవచ్చు.

మంగళవారం టెక్నికల్. క్యూల సంఖ్యను నాలుగు నిమిషాలతో హెచ్చించండి. 60 క్యూలు ఉంటే నాలుగు గంటలు, విరామంతో అయిదు. క్యూ నుంచి క్యూకి దూకుతూ వెళ్లండి, మధ్య సంభాషణలు వదిలేయండి. సీన్ మార్పుల్ని మాత్రం వదలొద్దు, వరసగా మూడుసార్లు చేయించండి, మొదట వెలుతురులో, తర్వాత చీకట్లో. ఇక్కడ దర్శకుడు నటనకు సంబంధించిన సూచనలు ఇవ్వడం మొదలుపెడితే రాత్రి పన్నెండు దాటుతుంది, నలభయ్యో క్యూ దగ్గరే ఉంటారు. ఆపే బాధ్యత స్టేజ్ మేనేజర్‌ది.

దీనికి ముందు వారమే ఒక సాయంత్రం రెండు గంటలు నటులు లేకుండా దర్శకుడు, లైట్, సౌండ్, స్టేజ్ మేనేజర్ బల్ల చుట్టూ కూర్చుని మొత్తం క్యూలు కాగితం మీద రాసుకుని ఉండాలి. ఈ కూర్చోవడం ఎగ్గొట్టిన బృందం మంగళవారం రాత్రి అందరి ముందు కూర్చుంటుంది, పద్దెనిమిది మంది ఎదురుచూస్తుంటే.

బుధవారం డ్రెస్ రిహార్సల్, ఆపకుండా, అసలు టైంకి. వీడియో ఈ రోజే తీయండి. కెమెరా వెనక వరసలో, ఒకే ఫ్రేం, ఎక్స్‌పోజర్ లాక్ చేసి. ఆటోలో వదిలేస్తే బ్లాక్ ఔట్ (లైట్లన్నీ ఆర్పేయడం) తర్వాత ప్రతిసారీ ముఖాలు తెల్లగా పేలిపోతాయి. గురువారం నుంచి ఆదివారం దాకా ప్రదర్శనలు.

చీకటి, పొగ, కొట్లాటలు

బ్లాక్ ఔట్‌లో నటుడికి కూడా ఏమీ కనిపించదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైనే పడుతుంది, మనకు ఉన్నవి ఆరు సెకన్లు. చీకటి పడే ముందు కొద్ది సెకన్లు ఒక కన్ను మూసుకుని ఉంటే, చీకట్లో ఆ కన్ను తెరిచినప్పుడు అంతో ఇంతో కనిపిస్తుంది. మెట్ల అంచులకు, ప్లాట్‌ఫాం మూలలకు చీకట్లో మెరిసే టేపు గోరంత ముక్కలు అతికించండి. అది వెలుతురు తాగితేనే మెరుస్తుంది కాబట్టి ఆటకు ముందు వర్క్ లైట్లు వేసి ఉంచాలి. ఎనిమిది సెకన్లు దాటే మార్పులకు పూర్తి చీకటి మానేసి, మసక నీలంలో ప్రేక్షకులు చూస్తుండగానే చేయండి.

కొట్లాట సీన్లను లెక్కపెట్టి, సగం వేగంలో నేర్పించి, ప్రతి ఆటకు ముందు ఒకసారి నడిపించాలి. ముట్టుకునే సీన్లకూ ఇదే పద్ధతి. ఎక్కడ, ఎంతసేపు అన్నది ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి, ఆట మీద ఊపులో మార్చకూడదు.

స్ట్రోబ్ (టకటకా వెలిగి ఆరే లైటు) సెకనుకు మూడు మెరుపులకు మించకూడదు. మూడు నుంచి ముప్ఫై మధ్య వేగం ఫోటోసెన్సిటివ్ మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం. తలుపు దగ్గర హెచ్చరిక కూడా పెట్టండి. పొగ యంత్రం వాడే ముందు హాలు నిర్వాహకుల్ని అడగండి, ఫైర్ అలారం మోగితే ఆట అక్కడితో సరి. అలాగని అలారాన్ని మీరే కట్టేయకండి. నిజమైన నిప్పు వద్దు. నీళ్లు వాడితే ఆ చుట్టుపక్కల నేల మీద కేబుల్ ఉండకూడదు.

ప్రేక్షకుల్ని ఆటలోకి లాగే నాటకమైతే, బృందంతో సంబంధం లేని పదిమందిని పిలిచి రెండుసార్లు చేసి చూడండి. స్నేహితులు అడిగింది చేస్తారు, కొత్తవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. కూర్చుంటే నాటకం ఎలా ముందుకు వెళ్తుందో నటుడి దగ్గర సిద్ధంగా ఉండాలి. రానన్నవాళ్లను రెండోసారి అడగకూడదు.

డబ్బు, లెక్కలు

నాటకానికి ఇంత అని నాలుగు సమాన వాటాలు వేయకండి. దాదాపు సగం ఉమ్మడి సామానుకి, అంటే ప్లాట్‌ఫాంలు, కేబుళ్లు, జిలేటిన్, టేపు, నల్ల గుడ్డ. పది శాతం అత్యవసరానికి, అది మూడో నాటకం అయ్యేదాకా ముట్టకూడదు. మిగిలింది నాటకాల అవసరాన్ని బట్టి. బిల్లు లేని ఖర్చు తిరిగి ఇవ్వబడదని మొదటి సమావేశంలోనే చెప్పేయండి.

ప్రతి నాటకం అయిన మూడు రోజుల్లో ఒక పేజీ నింపాలి: అసలు నిడివి, నిజంగా నడిచిన క్యూల సంఖ్య, విరిగినవి, అరువు తెచ్చినవి, ఎవరికి తిరిగి ఇవ్వాలి, మార్పిడికి పట్టిన గంటలు. ప్రదర్శన మీద విమర్శ కోసం వేరే రోజు కూర్చోండి. ఆట అయిన రాత్రి ఎవరికీ ఏదీ వినపడదు. అరువు తెచ్చిన వస్తువులకు తెచ్చిన రోజే ఫోటో తీసి, అడుగున పేరు అతికించండి. నాలుగో నాటకం అయ్యాక గోదాంలో మూడు ఒకేలాంటి ట్రంకు పెట్టెలు మిగిలితే, ఏది ఎవరిదో చెప్పగలిగేది ఆ చీటీ ఒక్కటే.